మతం గడి

అరండల్‌పేటలో మెట్ల కింద
నా డీటీపీ గది.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిన రోజు
పేరాకో తుమ్ము.

జ్ఞానసుందరం మాస్టారు
కాకీ కవర్లో తెస్తారు ఆ బిషప్పుని,
రోజుకి ఎనిమిది పేజీలు,
లాటిన్లోంచి తెలుగులోకి, ఆకుపచ్చ సిరాతో.
పేజీకి పాతిక. బేరమాడరు.
ఆయన రాతలో ఒత్తులన్నీ
వాననీళ్ళలో చీమల్లా కొట్టుకుపోతుంటాయి.

ఎప్పటివాడో, పదిహేడు వందల ఏళ్ళ కిందటివాడు.
ఆఫ్రికా తీరం. ముందు లాయరు.
తోటలున్న ఇల్లు అమ్మి పేదలకి పంచాడని
నేనే కొట్టాను, రెండు అచ్చుతప్పులతో.

తర్వాత చక్రవర్తి హుకుం:
ప్రతి మనిషీ బలిపీఠం దగ్గరికి రావాలి,
చిటికెడు సాంబ్రాణి వెయ్యాలి,
వేసినట్టు కాగితం పుచ్చుకోవాలి.
కొందరు వేశారు.
కొందరు చచ్చారు.
కొందరు గుమాస్తా గుప్పిట్లో డబ్బులు పెట్టి
వెయ్యకుండానే వేసినట్టు
కాగితం పట్టుకుని ఇంటికొచ్చారు.
బిషప్పు?
దాక్కున్నాడు.
ఎక్కడో తెలీదు. అక్కణ్ణించే ఉత్తరం వెంట ఉత్తరం,
కాగితం కొన్నవాళ్ళని ఏం చెయ్యాలని.

అక్కడ ఆగింది నా చెయ్యి.
ఆ మాట రావాల్సిన చోటల్లా మాస్టారు ఖాళీ వదిలారు.
మూడు పేజీల్లో పదకొండు ఖాళీలు.
"పత్రమా మాస్టారూ, చీటీయా, ఏం పెట్టను?"
ఫోనులో గొంతు సవరించుకుని
"రేపొస్తానమ్మా" అన్నారు.

మా నాన్న గుళ్ళో ఇమ్మానుయేలు,
రికార్డులో ఆంజనేయులు.
నా ఇంటరప్పుడు మండలాఫీసు బయట
స్టాంపు వెండరు బల్ల మీద అప్లికేషను నింపుతూ
మతం అన్న గడి దగ్గర
ఇంకు అయిపోయిందేమో అన్నట్టు
పెన్ను విదిలించి, రాశాడు.
ఇంటికొచ్చాక అమ్మ ఏమీ అడగలేదు.
ఆ రాత్రి అన్నం ముందు ప్రార్థన మాత్రం
నన్ను చెయ్యమన్నాడు.

నిజం రాస్తే కులం పోతుందన్నారు.
ఎక్కడ పోతుంది?
అద్దింటి ఓనరు నోట్లో పోదు,
మా మేనత్త ఊళ్ళో టీ గ్లాసు మీంచి పోదు.
ఒక్క కాగితం మీదే పోతుంది.

బిషప్పు ఏమన్నాడో చూద్దామని
తర్వాతి కట్ట విప్పి, కొట్టకుండా చదివాను.
కటువుగానే ఉన్నాడు.
ఏడవమన్నాడు, ఆగమన్నాడు, గుమ్మం దగ్గర నిలబడమన్నాడు.
జైల్లో ఉన్నవాళ్ళు క్షమాపణ చీటీలు రాసిస్తుంటే
ఎవరిచ్చారు మీకా హక్కు అని మండిపడ్డాడు.
దాక్కున్న మనిషి కదా,
గట్టిగా మాట్లాడాలి మరి.

ఆ తర్వాత తెగులు. వీధుల్లో శవాలు.
ఊరు పారేసినవాళ్ళని వీళ్ళు ఎత్తారు,
ఏ చేతులతో ఎత్తారో ఎవరూ అడిగినట్టు లేదు.
ఇంకో హుకుం రాబోతోందని తెలిశాక
ఉత్తరం మెత్తబడింది: రానివ్వండి లోపలికి.
ఈసారి పారిపోలేదు.
తన తల నరకబోయేవాడికి
ఇరవై అయిదు బంగారు కాసులు ఇమ్మన్నాడట.
పేజీకి పాతిక, అని నేనెందుకు లెక్కేసుకున్నానో.

పొద్దున్నే మాస్టారు వచ్చారు.
కళ్ళద్దాలు తుడిచారు, మళ్ళీ తుడిచారు.
ముప్ఫై రెండేళ్ళ కాలేజీ ఉద్యోగం,
రోస్టరులో వచ్చిన పోస్టని పేటంతా తెలుసు.
ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.
స్క్రీను మీద మొదటి ఖాళీకి వేలు ఆనించి
"సర్టిఫికెట్టు అని కొట్టమ్మా" అన్నారు.
"పదకొండు చోట్లా."

కొట్టాను.
చివరి ట ఒత్తు ప్రతిసారీ
కింది లైనుకి తగులుతోంది.
లైన్ల మధ్య కాస్త జాగా పెంచాను.