సుద్దగీత

తిరుమలగిరి లాల్‌బజార్‌ల
మా దుకాణానికి బోర్డు లేదు.
ఫౌజీలకు దారి తెలుసు.
దస్తగిరి మాస్టర్ బట్ట కోస్తడు,
నేను కాజాలు కుడ్త, గుండీలు వేస్త.
ఇరవై రెండేండ్ల సంది
ఒకటే రంగు దారం.

ఆ వారం టీవీల సరిహద్దు మండుతున్నది.
రాత్రి దీపాలార్పించి సైరన్ మోగించి చూసిన్రు,
బొల్లారం దిక్కు కుక్కలు తెల్లారేదాంక మొరిగినయి.
పొద్దుగాల మా బల్ల మీద చాయ్ గ్లాసులు,
ఒకటే ముచ్చట:
చెయ్యొచ్చా, చెయ్యొద్దా.

సుబేదార్ ఈరన్న అన్నడు:
దొంగ ఇంట్ల జొరబడ్డంక
కులగోత్రాలు అడుగుతవా?
కొట్టుడే. అది ధర్మయుద్ధం.

మాస్టర్ కత్తెర ఆపలే.
మా పెద్దలు గీత గీసిన్రు భాయ్,
పసిపోరల మీద చెయ్యి లేపొద్దు,
ముసలోళ్ళను ముట్టొద్దు, పండ్ల చెట్టు నరకొద్దు.
గీత లోపలున్నంత సేపే లడాయి,
దాటినంక ఖూనీ.
అనుకుంట సుద్దముక్కతోని
ఎవరిదో భుజం గీసిండు.

సూది నోట్ల పెట్టుకోని అడిగిన:
మాస్టర్, అంత పైనుంచి పడే బాంబుకు
నీ సుద్దగీత కనవడ్తదా?

ఆయన మాట్లాడలే.
గీత మీదనే ఇంకోసారి గీసిండు.

చినిగిన అంగీ పట్టుకొచ్చిన పాస్టర్ దేవవరం
మెల్లగ అన్నడు:
శత్రువు కోసం ప్రార్థన చెయ్యమన్నరు మాకు,
చేస్త, రోజూ చేస్త.
కాని మా చర్చి గోడ నిండ
పాత పటాలాల సచ్చినోళ్ళ పేర్లు, పాలరాయి మీద.
వాళ్ళనూ ప్రార్థన చేసే పంపిన్రు గద.
ఆయన చాయ్ సల్లారిపోయింది.

కాంతిలాల్ సేటు నీళ్ళు వడగట్టి తాగే మనిషి,
పొద్దు గూకితే అన్నం ముట్టడు.
మాకు ఆకుపచ్చ తాన్లు ఇచ్చేది ఆయనే.
ఏమీ అనలే.
లెక్కబుక్కు మూసి, మళ్ళ తెరిచిండు.

గప్పుడొచ్చిండు నాయక్ భూమేశ్,
మిలిటరీ దవాఖాన నుంచి ఆటోల.
చంకల కర్ర. చేతిల ప్యాంటు, మేం కుట్టిందే:
నడుము ముప్పై రెండు, పొడుగు నలభై ఒకటి,
నా రాతే ఉంది బుక్కుల.

కుడి దిక్కు మోకాలు కాడికి మడిచి కుట్టక్కా,
గాలికి ఊగుతున్నది.

ఈరన్న లేచి సెల్యూట్ కొట్టిండు.
భూమేశ్ కర్ర చెయ్యి మార్చుకోని తిరిగి కొట్టిండు,
కొంచెం తూలిండు.

మళ్ళ పిలిస్తే పోత, అన్నడు,
ఎవరూ అడగకుండనే.
పోకుంటె మావోళ్ళు ఆడ తక్కువ పడ్తరు.
కాని ధర్మం గిర్మం నా కాడ అనకున్రి.
ఆ బంకర్ల పడున్న పోరనికి
అంగీ మీద మూడో గుండీ
ఒక్క పోగు మీద ఏలాడుతున్నది.
అది కుట్టాలనిపించింది నాకు.
కాల్చినంక.

మాస్టర్ సుద్దముక్క నా చేతుల పెట్టిండు.
మోకాలు ఏడికి అయిపోయిందో ఆడ గీసిన.
చెయ్యి వంకరపోయింది.
కొయ్యకక్కా, మడిస్తె చాలు,
కొత్త కాలు వస్తదట, అప్పుడు ఇప్పుకోవాలె.

పైసలొద్దంటె కోపమొచ్చింది.
ముప్పై రూపాయలు బల్ల మీద పెట్టి పోయిండు.

బల్ల కాడ ముచ్చట మళ్ళ మొదలయింది,
ఈసారి గొంతులు తగ్గించి.
ధర్మయుద్ధం, యుద్ధధర్మం,
మాటలు తిరగేసుడు నాకు రాదు.
ఆ రాత్రి పదకొండు అంగీలకు గుండీలు వేసిన,
ఒక్కోదానికి రెండు చుట్లు ఎక్కువ.

అవతల ఏ ఊర్లనో, ఏ బల్బు కిందనో,
ఆ మూడో గుండీ వేసినామె
సూది నోట్ల పెట్టుకోని కూసుండే ఉంటది.
ఆ రోజు దారం అయిపోయిందో,
పిల్లకు జొరమొచ్చిందో,
తొందరల
రెండు కుట్లే వేసి ఉంటది.