ఏడాదికి జానెడున్నర

ఆగస్టు ఆఖరు. విద్జెమె ఉత్తరాన
పొగమంచు ఇంకా లేవని పొద్దు.
అగ్రితా ముందు నడుస్తోంది,
గొడ్డలి తిరగేసి ప్రతి స్ప్రూస్ మానునూ
మోకాలెత్తున మోదుకుంటూ.
వెనక నేను, నోట్‌బుక్కూ బరమా మోసుకుంటూ.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.
అరవై ఒకటో చెట్టు దగ్గర
శబ్దం బరువు తప్పింది,
ఖాళీ గాదెను తట్టినట్టు.

తలెత్తి చూశాను. కొమ్మలు పచ్చగానే ఉన్నాయి.
కాయలు కూడా విరగకాసింది,
పోయేముందు అన్నీ పంచిపెట్టేవాళ్ళలా.
పైన పటారం.
లోన సంగతి బరమా చెప్పింది:
పెన్సిలంత కట్టెపుల్ల బయటికొచ్చింది,
నాలుగు వేళ్ళ మేర వెన్నరంగు,
తర్వాత ఊదా చాయ, తర్వాత గోధుమ,
తర్వాత ఏమీ లేదు.
తడిసిన అట్టపెట్టె వాసన.

రబ్బరు బూట్లతో వచ్చింది అడవి సొంతదారు వాలియా,
ఎనభై రెండేళ్ళు, బుట్టనిండా పసుపు పుట్టగొడుగులు.
వేరు మొదట్లో ఆకుచెత్త తప్పించి చూపించాం:
పైన గోధుమరంగు, అడుగున తెలుపు,
తోలుముక్కలా అంటుకున్న బూజు.
"దీన్ని తినొచ్చా?" అంది.
తినలేం. అదే తింటోంది.

ఇదంతా ఒకప్పుడు రై చేను.
యుద్ధం తర్వాత దున్నే చేతులు కరువై
స్ప్రూస్ నాటింది వాళ్ళమ్మ.
దున్ని దున్ని మెత్తబడిన నేలలో
ఈ బూజుకు ఎదురుచెప్పే పాతకాపులు ఉండరు,
అని అగ్రితా నాకు చెప్పింది, ఆమెకు చెప్పలేదు.

ల్యాబులో ఆరు వారాలు.
గాజుపళ్ళేలలో, మాల్ట్ జిగురు మీద
రెండేసి నమూనాలను ఎదురెదురుగా కూర్చోబెట్టాం.
పరాయివి కలిస్తే
నడుమ గట్టు లేస్తుంది, సన్నగా, మొండిగా,
రెండు పొలాల మధ్య లేచినట్టే.
ఒకే ప్రాణానివైతే గట్టుండదు.
తనను తాను గుర్తుపట్టి ఊరికే కలిసిపోతుంది.

అరవై ఒకటి, డెబ్భై: గట్టు లేదు.
డెబ్భై, యాభై ఎనిమిది: లేదు.
పద్నాలుగు చెట్లు. ఒకే ఒళ్ళు.
చీకట్లో వేరు వేరును తాకిన చోటల్లా
తలుపు తట్టకుండా లోపలికెళ్ళింది.

అక్టోబరులో వాలియా వంటింట్లో
ఆయిల్‌క్లాత్ మీద పటం పరిచాం.
ఎర్రపెన్సిలు గీతలన్నీ
నాచు పట్టిన పాత మోడు దగ్గర కలుస్తున్నాయి.
ఆమె దాని మీద వేలు పెట్టింది.
"దీన్ని విలిస్ కొట్టాడు. బావి అడుగంటిన వేసవిలో.
లోతుగా తవ్వి, కొత్త దుంగల చట్రం దించాడు."

అగ్రితా స్కేలు సర్దుకుంటూ కూర్చుంది.
పచ్చి మోడు, వెచ్చని రాత్రి,
పిండికన్నా సన్నటి బీజం ఒకటి గాలిలో.
అంతకన్నా ఏం కావాలి?
మంచు పడ్డాక కొట్టి ఉంటే
ఈ పటం గీయాల్సిన పని ఉండేది కాదు.

"వేసవిలో కొట్టకూడదట కదా," అంది వాలియాయే.
"మీ ఆఫీసు కాగితంలో చదివాను."
కాసేపాగి,
"దాహం చలికాలందాకా ఆగుతుందా, అమ్మాయ్?"

మోడు నుంచి చివరి చెట్టుకు పదకొండు మీటర్లు.
ఇది నడిచేది ఏడాదికి జానెడున్నర.
ముప్పై నాలుగేళ్ళు, అన్నాం.
"సరిగ్గా మా బావి వయసు."
లేచి, ఆ నీళ్ళే మూడు గ్లాసుల్లో పోసింది.
చల్లగా, కొంచెం ఇనుము రుచి. తాగాం.

కొట్టేయండి, బర్చ్ నాటండి, అని చెప్పాం.
మోళ్ళలో అది ఇంకో ముప్పై నలభై ఏళ్ళు
బతికే ఉంటుందనీ చెప్పాం.
"ఉండనీ. దానితో పోట్లాడ్డానికి
నేనుండాలి కదా," అని రొట్టె కోసింది.

బయటికొస్తూ అగ్రితా, అలవాటు చొప్పున,
బావి చట్రాన్ని వేలికణుపుతో కొట్టింది.

ఠంగ్.

నోట్‌బుక్కు తెరిచాను.
దీన్ని రాసుకోడానికి అందులో గడి లేదు.