కూసోవద్దన్నరు

ఆపరేషన్ అయినోళ్ళను ఎవరైనా కూసొమ్మంటరు.
నన్ను కూసోవద్దన్నరు.
కుర్చీల సరే, మంచం మీద సరే,
నేల మీద మాత్రం గొంతు కూసోవద్దు,
బాసిపట్లు వద్దు, వంగి చెప్పు అందుకోవద్దు.
కాయిదం మీద ఎర్ర గీత కొట్టి మరీ చెప్పిండు
నరహరి డాక్టరు.

ఆయనకేం ఎరుక,
నా బతుకంత గొంతు కూసునుడే అని.
కాజీపేట రైల్వే గ్రౌండుల ఎనిమిది గళ్ళు,
ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు మొఖం పెట్టి
మడిమెలు లేపి, వేళ్ళు మట్టిల గుచ్చి,
వీపు మీద చెయ్యి పడేదాక ఊపిరి బిగబట్టి.
నౌకరి గట్లనే వచ్చింది నాకు.
ఉరికినందుకు కాదు,
కూసున్న కాడి నుంచి లేసినందుకు.

షెడ్డుల ఫిట్టర్ను. బేరింగు సంగతి నాకు చెప్పాల్నా?
అరిగిన బేరింగు ముందుగాల కూత పెడతది,
తర్వాత కాలుతది,
తర్వాత మొత్తం ఇంజనే మొండికేస్తది.
నా కుడి తుంటి మూడేండ్లు కూత పెట్టింది.
నేను నూనె రాసుకుంట తిరిగిన.
ఎక్స్‌రేల చూస్తే గుండు గుండు లెక్క లేదు,
ఎలుక కొరికిన గారె లెక్క ఉన్నది.

పింగాణి గుండు ఏసిన్రు.
చాయ్ కప్పు జాతే కదా సార్, పగులదా, అన్న.
నవ్విండు గని జవాబియ్యలే.

మొదటి దినం పదకొండు అడుగులు.
ఫాతిమానగర్ నుంచి వచ్చే రోస్లిన్ లెక్కబెట్టింది.
పన్నెండోది గోడ.
రాత్రి కాళ్ళ నడుమ దిండు,
పక్కకు తిరుగవద్దని మా ఆయన కావలి,
కావలి కాసుకుంటనే గురక.

వడ్డేపల్లి కట్ట మీద కట్టె పట్టుకొని నడుస్తుంటె
షుగరు పెద్దమనుషులు నన్ను దాటిపోయేటోళ్ళు,
రాజకీయాలు మాట్లాడుకుంట, తాపీగ.
మూడు జిల్లాల పిల్లలకు అందని దాన్ని నేను.
ఎవరికని చెప్పుకోను?
తొమ్మిదో నెల, షెడ్డు వెనుక, ఎవరూ లేనప్పుడు
ఇరువై అడుగులు ఉరికిన.
ఎవరో చూసిన్రనుకొని
కింద పడ్డ స్పానరు ఎతుకుతున్నట్టు చేసిన.

ఈత కొట్టు, సైకిల్ తొక్కు, అన్నడు డాక్టరు.
ఈత రాదు సార్.
ఆడితే అరుగుతది. ఇరువై ఏండ్లు దాసుకుంటవా,
పదేండ్లల ఖర్చు పెడతవా?
షెడ్డుల నిలబెట్టెటందుకు
ఎవరన్న ఇంజను బాగుచేస్తరా సార్?
ఈసారి ఆయన నవ్వలే.
ఎర్ర గీత కింద సన్నగ రాసిండు:
ఉరుకుడు నీ పూచీ. కూసునుడు మాత్రం వద్దు.

డిసెంబరు, పొద్దుగాల ఏడు గంటలు.
పాతోళ్ళకూ మడికొండ బడి పిల్లలకూ మ్యాచు.
ఉరికే వంతుల దిగిన.
స్తంభం కాడ మళ్ళేటప్పుడు
అలవాటుగ ఎడమ కాలును అడిగిన.
అది జంకింది.
కుడిదే తిరిగింది, అడగకముందే.
ఒక నిమిషం నలభై సెకండ్లు.
పద్నాలుగేండ్ల రుత్విక భుజం మీద కొట్టి
సారీ ఆంటీ, అన్నది.
ఆ సారీ ఒక్కటే నొచ్చింది నాకు.

తర్వాత మా వంతు, తరుముడు.
నేను గీత బయట నిలవడ్డ.
ఏడుగురు కూసున్నరు, మోకాళ్ళు తిట్టుకుంట.
ఒక గడి ఖాళీ.
ఫర్హత్ ఉరుకుతున్నది,
యాభై ఏండ్ల ఫర్హత్, చున్నీ నడుముకు చుట్టి,
పిల్ల చేతికి చిక్కినట్టే చిక్కి జారింది,
ఫర్హత్ ఎనుకటి లెక్కనే వంగి
ఖాళీ గడి మీద చెయ్యేసి
ఖో అన్నది.

గ్రౌండంత నవ్వింది.
అంపైరు ఈల ఊది ఫౌల్ అన్నడు.
బయట నిలవడ్డ నేను
అప్పటికే ఒక అడుగు లోపట ఉన్న.
ఫౌల్ కాదు సార్, ఆడ నేనున్న, అని
లొల్లి పెట్టిన.
ఆయన తల ఎత్తకుంట రాసుకుంటనే ఉన్నడు.