నార్మల్

కాశీబుగ్గలో మా ల్యాబు మెట్ల మీద
ఆరున్నరకే వచ్చి కూర్చుంటుంది
బైపల్లి దమయంతి.
పరగడుపున రమ్మని ఎవరూ చెప్పలేదు.
అయినా టీ తాగదు.

బట్టలకొట్టు సంచిలో పదకొండు రిపోర్టులు,
తేదీల వరసన.
చదవటం రాదు. కానీ ఏ కాగితం శ్రీకాకుళందో
ఏది బరంపురందో
అంచు పట్టుకుని చెప్పేస్తుంది.

నొప్పి గురించి అడగాలి ఆమెని.
"నిన్న రెక్కకాడ, బాబూ. రాత్రికి డొక్కలోకి దిగింది.
సీమ ఎలిపోయాక దాని జాడ మిగిలినట్టు.
ఇత్తడి గిన్ని మీద గోరెట్టి గీసినట్టు,
లోపల, సప్పుడు నేకుండా."
ఇరవై ఏళ్ళుగా సూది పొడుస్తున్నాను.
సూది గురించి నేనింత బాగా చెప్పలేను.

మనసు బాగోలేదా అని ఒకసారి అడిగితే
నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది.
"మనసుకేటి? అది బాగానే ఉంటాది."
కాసేపాగి,
"దానికి టెస్టుందేటి?"

ఈ ఉద్దానంలో "ఏమీ లేదు" అన్న మాట కోసం
తోటలు అమ్ముకున్నవాళ్ళున్నారు.
అదే బెంచీ మీద, ఆమె పక్కనే,
క్రియాటినిన్ ఆరు దాటిన కొబ్బరి దింపు కూలీ
తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
జేబులో కుక్కుకుంటాడు.
ఆమె ఆ జేబు వంక చూస్తుంది.
చూసినందుకు తనే సిగ్గుపడి
తన నీళ్ళ సీసా అతనికిచ్చేస్తుంది.

డాక్టరుగారు "ఏమీ లేదమ్మా" అంటే
ఆమె చెవిలో అది
"నువ్వు లేవమ్మా" అని పడుతుంది కాబోలు.

రక్తం తీస్తుంటే మొహం తిప్పుకోదు.
గొట్టం నిండటం చూస్తూ
"ఇంత ఎర్రగా అగుపిస్తంటే
ఏటీ నేదంటారేటి?"

దూది అదిమిపెట్టమని చెయ్యి పట్టుకున్నప్పుడు
చూశాను వేళ్ళు.
పద్దెనిమిదేళ్ళ జీడిరసం తాగి నల్లబడి
గీతలన్నీ చెరిగిపోయి.
రేషను కొట్టు మిషను మూడు నెలలుగా
ఆమెను ఒప్పుకోవటం లేదట.
"ఇవి నొప్పి పుట్టవా?"
"అదా? అది పని, బాబూ.
నొప్పి ఏరే."

సాయంత్రం పన్నెండో కాగితం ప్రింటు తీశాను.
అంకెలన్నీ హద్దుల మధ్య
బుద్ధిగా కూర్చున్నాయి.
ఆమె సంచిలో పెట్టుకోలేదు వెంటనే.
"నువ్వు సెప్పు.
నాను అబద్దమాడతన్నానా?"

బయట ఇచ్ఛాపురం బస్సు హారను కొడుతోంది.
షట్టరు సగం దించేశాను అప్పటికే.
కుర్చీ ఆమె వైపు లాక్కున్నాను.
రెక్కకాడ నుంచి, అన్నాను,
మళ్ళీ మొదట్నుంచి చెప్పు.