అనుబంధం-3

జెనీవా నుంచి వచ్చింది నూట పద్దెనిమిది పేజీల
పాలనా నియమావళి, అయిదో సవరణ.
తీసేసినవి ఎర్రగా, చేర్చినవి నీలంగా.
కనిగిరి కరెంటుకు మూడుసార్లు ఆగి
నాలుగోసారికి దిగింది.

తెలుగు చెయ్యడం నా పని.
పామూరు రోడ్డు, టైర్ల కొట్టు మీద మేడ.
పద్నాలుగేళ్లుగా నేను 'స్థానిక సహాయకురాలి'ని,
ఒకటో తేదీ నుంచి 'జాతీయ సహచరి'ని.
జీతాల పట్టికలో మాత్రం
ఎరుపూ లేదు, నీలమూ లేదు.

తప్పక చేయవలెను, చేయుట మేలు, చేయవచ్చును:
వాళ్ల నియమాలకు మూడు మెట్లు.
తాలూకాఫీసులో దఫేదారుగా ముప్పై ఏళ్లు చేసిన మా నాయన
ఈ మూడింటినీ 'కానీ' అన్న ఒక్క మాటతో నడిపాడు.
అది ఒప్పుకోలో అభ్యంతరమో
ఎదుటివాడే తేల్చుకోవాలి.

సెక్షన్ రెండు: సర్, మేడం అనరాదు. పేరు పెట్టి పిలవవలెను.
నా పేరు సుగుణావతి అని
వాచ్‌మన్ మాలకొండయ్యకు ఆ పూటే తెలిసింది.

సెక్షన్ నాలుగు: సాయంత్రం ఆరు దాటాక
ఆఫీసు బండి కదలరాదు.
మస్తాన్‌వలి తాళాలు తిప్పుతూ విన్నాడు.
"వెలిగండ్ల నుంచి నీళ్ల సీసాలేసుకుని వస్తా ఉంటే
దోవలో ఆరైతే?"
బండి ఆపి, ఫారం నింపి, అనుమతి వచ్చేదాకా ఉండాలి.
"ఆ గుట్టల్లో సిగ్నలు యాడుంటది మేడం?"
దానికి సెక్షన్ లేదు.

ఏడు బై నాలుగు దగ్గర నా వేళ్లు ఆగాయి.
'వేలిముద్ర' మీద ఎర్రగీత.
చదివి అర్థం చేసుకున్నానని ప్రతి ఉద్యోగీ
తెర మీద, గడి దాటకుండా, స్వహస్తంతో.

మాలకొండయ్య వేళ్లు ముడుచుకుని ఇరవై ఏళ్లు.
ఈ ఆఫీసు ఇక్కడికి వచ్చిందే
ఆ వేళ్ల కోసం, ఆ వంగిన నడుం కోసం.
మొదటి నివేదిక ఆరో పేజీలో ఎక్స్‌రే అతనిదే.
కింద పేరుండదు. 'పురుషుడు, 41'.
ఊరి బోరు నీళ్లు తాగాడు, అంతే.
అందరూ తాగారు.

ప్లాస్టిక్ పెన్ను చేతికిచ్చాను. జారింది.
మళ్లీ ఇచ్చాను. బల్లకిందికి దొర్లింది.
"ముద్దర ఏయించుకోండమ్మా, ఇన్నేళ్లూ చెల్లిందేగా."

నైరోబీ సేవాకేంద్రానికి రాశాను.
మీ సూచన నమోదైనది.
తదుపరి సమీక్ష ముప్పయ్యారు నెలలకు.

ఆ రాత్రి, చివరి పేజీల చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది.
అనుబంధం-3: శరీరం సహకరించనిచోట, సాక్షి ఎదుట,
ఉద్యోగి నిలకడగా వేయగల ఏ గుర్తయినా చెల్లును.
ఏ దేశంలో ఎవరు, ఏ చేతిని తలుచుకుని
ఈ వాక్యం చొప్పించారో.
మూడుసార్లు తెలుగు చేశాను.
మూడోసారే నిలబడింది.

పొద్దున్నే మస్తాన్‌వలి కింద కొట్లో
సైకిల్ ట్యూబు ముక్క అడుక్కొచ్చి
పెన్నుకు లావుగా చుట్టాడు.
మాలకొండయ్య దాన్ని గుప్పిట్లో ఇరికించుకుని
భుజం మొత్తం కదిలించి
రెండు గీతలు గీశాడు.
ఇంటూ.

ఆ చేతికి అది కొత్త కాదు.
పరీక్షలో చెడ్డవని తేలిన మూడొందల బోర్ల మీద
ఎర్రరంగు డబ్బా పక్కన పెట్టుకుని
బ్రష్షు ఇట్టాగే గుప్పిట్లో పట్టి
వేసింది అతనే.

నాలుగు నిమిషాల్లో నైరోబీ ఒప్పుకుంది:
చదివెను, అర్థము చేసుకొనెను.

హనుమంతునిపాడు అవతల ఆడవాళ్లు
బడికి పోకపోయినా ఆ గుర్తు చదువుతారు.
చదివి, బిందె చంక మార్చుకుని
ఇంకో కిలోమీటరు నడుస్తారు.