ఇరవై ఏడో కుండీ

హార్షమ్ ఊరి చివర అద్దాల ఇంట్లో
పొద్దున ఐదున్నరకే నా కొలువు.
ఎండ గోధుమ మోళ్ల మీదికి పాకేలోపు
తూకం అయిపోవాలి.
నూట ఎనిమిది కుండీల్లో నూట ఎనిమిది నేలవేము మొక్కలు.
జపమాల పూసల్లా ఒక్కొక్కటే తిప్పుతూ
నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య
ఎన్ని గ్రాముల దాహమో రాసుకుంటాను.

దాహానికి ఇక్కడ అంకె ఉంది: నలభై శాతం.
ఆ గీత దాటి చుక్క పోయకూడదు.
మూడేళ్లుగా బయట ఆకాశం చేస్తున్న పనే
లోపల మేం కొలత ప్రకారం చేస్తాం.

తర్వాత పిచికారీ.
విల్లో చెట్టు బెరడులో దాగిన పులుపు,
సాలిసిలిక్ ఆమ్లం,
తలనొప్పి మాత్రకి పెద్దమ్మ వరస.
చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే ఆకు మాడుతుంది.
దప్పిక తీర్చేదేమీ లేదందులో,
ఒక కబురు తప్ప:
"గడ్డు రోజులొస్తున్నాయి, సర్దుకో."
ఆకు అడుగున కంటికానని వేల నోళ్లు
ఒక్కొక్కటే మూసుకుంటాయి,
ఇంటి గుట్టు గడప దాటకుండా
పెదవి బిగించే మనిషిలా.

శుక్రవారాలు క్లైవ్ వస్తాడు.
గోధుమ రెండుసార్లు చేతికి రాక
మూలికల వైపు చూస్తున్న రైతు.
టోపీ తీసి, వరసల మధ్య నిలబడి అడిగాడోసారి:
"వీటిని ఏడిపిస్తున్నారా, ఓదారుస్తున్నారా?"
"రెండూనూ," అంది డొరీన్ పైపు చుడుతూ,
"జీతం మాత్రం ఒకటే."

అసలు చిక్కు అక్కడే.
మందంటే మొక్క పడ్డ కష్టం.
కడుపునిండా తాగి పెరిగిన నేలవేము
పచ్చగా, బడుద్ధాయిలా, ఊరికే ఉంటుంది.
ఎండగడితే చేదెక్కుతుంది,
కోతకొచ్చేసరికి ఆకు మిగలదు.
ఆ రెంటి నడుమ వెంట్రుకవాసి సందు కోసం
మా పిచికారీ.

ఇరవై ఏడు, పిచికారీ లేని వరసలోది.
దాని వాటా ఉత్త నీటి తుంపర,
ఆకు తడిసీ తడవకుండా.
ఫిబ్రవరిలో నలభై నాలుగు డిగ్రీల రోజున
చివుళ్లు ముడుచుకుని, తల వాల్చి
ఎవర్నీ ఏమీ అడక్కుండా నిలబడింది.
నా సీసాలో సగం నీళ్లున్నాయి.
అంతే.
ఇంకే కారణమూ చెప్పలేను.

మర్నాడు తూకం రాస్తుంటే చెయ్యాగింది.
అబద్ధానికి మూడంకెలు చాలు.
మార్చి రాయనూ వచ్చు, ఎవరు చూడొచ్చారు?
"27: నీళ్లు పోశాను. నేనే."
డొరీన్ చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.
ఎర్ర పెన్నుతో ఆ గళ్లన్నీ కొట్టేసింది.
సాయంత్రం వెళ్లి చూస్తే
నా కారు బానెట్ మీద కుండీ.

మే నెలలో లెక్కలు తేలాయి.
పిచికారీ వరసలు ముప్పాతిక ఆకు నిలుపుకున్నాయి,
చేదు కాస్త తగ్గింది, కాస్తే.
క్లైవ్ నాలుగు హెక్టార్లు వేస్తానన్నాడు.
వాన సంగతి ఎవరమూ ఎత్తలేదు.
నా పట్టికలో నూట ఏడు మొక్కలు,
జపమాలలో ఒక పూస తక్కువ.

తెగిన పూస ఇప్పుడు నా వంటింటి కిటికీలో ఉంది,
అడిగినప్పుడల్లా తాగి, ఏపుగా.
మొన్న ఒళ్లు వెచ్చబడితే ఆకు తుంచి నమిలాను.
చేదే.
కాని టీ కాగేలోపే నాలుక మరిచిపోయింది.

ఇవాళ పొద్దున సీసా పట్టుకుని
దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.
మూత తియ్యలేదు.
పెట్టెయ్యనూ లేదు.