తీగపురుగుల లెక్క

ఫిబ్రవరిలో కమిటీ మనిషి వచ్చాడు, పెన్‌హాలో.
బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు.
బల్ల మీద కాగితం పరిచి
"పదకొండెకరాలు, మార్చి ఆఖరుకల్లా" అన్నాడు.
మా అన్న ఆంబ్రోజ్ టీ పోస్తూ పోస్తూ ఆగిపోయాడు.

డెవన్‌లో మా ఇంటి వెనక ఆ వాలుని
మా తాత వాళ్ల తాత కూడా పచ్చికగానే చూశాడట.
కర్రు మొన ఎరగని నేల.
ఆవులు మేసి, ఆవులు పడుకుని,
ఆవులే రాసుకున్న వీలునామా.

పెన్‌హాలో చెడ్డవాడేం కాదు.
మోకాళ్ల మీద కూర్చుని
రొట్టెముక్కంత గడ్డ పెళ్లగించి
అరచేతిలో చిదిపి లెక్కపెట్టాడు,
ఒకటి, రెండు, ఏడు... పసుప్పచ్చ తీగపురుగులు.
"ఎక్కువే ఉన్నాయి" అన్నాడు.
"అయినా దున్నాలి. ఓడలు మునుగుతున్నాయి."
సముద్రం మాకు ముప్పై మైళ్లు.
ఆ మాటతో గుమ్మం దాకా వచ్చింది.

ట్రాక్టరుతో మ్యూరియెల్ దిగింది, హల్ ఊరి పిల్ల,
మొన్నటిదాకా టోపీలమ్మిన చేతులు.
రాత్రిళ్లు కూడా దున్నేది,
దీపానికి నల్లగుడ్డ కట్టి
చీలికంత వెలుగులో.
చాలు వంకరపోకుండా
తెల్ల ఏప్రాన్ కట్టుకుని నేను ముందు నడిచేదాన్ని.
ఇంజను మోతలో వినపడదు గానీ
గడ్డివేళ్లు తెగడం
బూటు అడుగుల్లోంచి తెలిసేది.

మేత చాలక, పద్నాలుగు ఆవుల్లో తొమ్మిదిని అమ్మేశాం.
డామ్సన్ లారీ ఎక్కనంది.
తల పట్టుకుని నేనే ఎక్కించాను.
దాని చెవిలో ఏం చెప్పానో ఆంబ్రోజ్ అడగలేదు.

గోధుమ మొలిచింది, పచ్చగా, బుద్ధిగా.
మే నెల మొదట్లో పడిపోయింది మడులు మడులుగా.
పచ్చిక పెంచిన పురుగులు
పచ్చిక పోయాక ఏం తింటాయి?
ఆంబ్రోజ్ తిట్టలేదు.
"వాటికీ కరువే కదా" అని
మళ్లీ దున్ని బఠాణీ చల్లాడు.

రెండో ఏడు గోధుమ నిలిచింది, నడుమెత్తున.
కోతకి బడిపిల్లలొచ్చారు.
ఒకడు పనల నీడలో నిద్రపోయాడు,
విషవాయువు ముసుగు పెట్టె తలకింద పెట్టుకుని.

ఆ గింజ ఏ మిల్లుకి పోయిందో తెలీదు.
మా వంతుకొచ్చిన రొట్టె
బూడిదరంగు, కాస్త చేదు.
ముగ్గురం కోసుకున్నాం.
మ్యూరియెల్ అలవాటుగా వెన్నగిన్నె మూత తీసింది.
అడుగున ఎవరిదో వేలి గీత.
మూత పెట్టేసింది.

బయట మిగిలిన ఐదు ఆవులూ
కోసిన మోళ్ల వైపు చూస్తూ
గేటు దగ్గర నిలబడి ఉన్నాయి,
ఎవరో ఒకరం వచ్చి తీస్తామని.